ఐదో దెబ్బ

నంద్యాలలో ఎవరైనా నాకు శాలువా కప్పి మైకు పట్టుకుంటే, "మన ప్రాంతం నుంచి తొలి స్వతంత్ర దర్శకురాలు" అని మొదలుపెడతారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. తొలి మనిషికి దారి తెలియదు. దారి తెలియనివాళ్లు ఎవరి కాలు తొక్కుకుంటూ పోయారో శాలువా కప్పేవాళ్లు అడగరు. నేను తొక్కిన కాలు ఒకటి ఉంది. నాలుగు సినిమాలు తీశాక ఇప్పుడైనా దాని గురించి రాయకపోతే, ఇక ఎప్పటికీ రాయను.

మాది చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల అంగడి. నేను హైదరాబాదులో పదకొండేళ్లు పెద్ద పెద్ద దర్శకుల దగ్గర అసిస్టెంటుగా పనిచేశాను. పని అంటే క్లాప్ కొట్టడం, హీరోగారి గొడుగు ఎక్కడుందో వెతకడం, తిట్లు తినడం. చివరికి ఒకరోజు తిరిగి రెండు మాటలు అనేసి, పాత కెమెరా ఒకటి సంపాదించుకుని ఇంటికి వచ్చేశాను. మా నాయన నన్ను, నా పెట్టెను చూసి, "అందురూ సినిమాకని నంద్యాల ఇడ్సి పోతారు. నువ్వేందీ, సినిమాకని నంద్యాలకొస్తివి?" అన్నాడు. అంగడి మీద ఉన్న గది మాత్రం ఖాళీ చేయించి ఇచ్చాడు. ఆ గదిలో ఇప్పటికీ మిరపకాయల ఘాటు పోలేదు. నా సినిమాలన్నీ తుమ్ముతూనే ఎడిటింగ్ చేశాను.

నాకొక రోగం ఉంది. ఎక్కడ ఏం జరుగుతున్నా నా కన్ను ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూస్తుంది. మా అవ్వ పోయిన రోజు అందరూ ఏడుస్తుంటే, కిటికీలోంచి ఆమె ముఖం మీద పడ్డ ఎండ చూసి, అయ్యో కెమెరా పై గదిలో ఉండిపోయిందే అనుకున్నాను. సిగ్గుపడుతూనే అనుకున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నా మొదటి సినిమాలో నటులు లేరు. ఆళ్లగడ్డలో నిజంగా శిల్పాలు చెక్కే ముసలాయనే నా సినిమాలో శిల్పి. ఊరంతా ఆయన్ను పెద్దాచారి అనేది. యూనిట్ అంటే ఇద్దరం. కెమెరా నాది. శబ్దం రికార్డు చేసేది నా స్నేహితురాలు, హైదరాబాదులో నాతోపాటే తిట్లు తిన్న మనిషి. రోజూ పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి, కెమెరా స్టాండు ఒళ్లో పెట్టుకుని, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు వెళ్లేవాళ్లం. ఆ స్టాండు చూసి కండక్టరు ప్రతిరోజూ దానికీ టికెట్ కొట్టమంటారా అని అడిగేవాడు, మేం ప్రతిరోజూ నవ్వేవాళ్లం.

ఆళ్లగడ్డ రోడ్డు మీద శిల్పశాలలు వరసగా ఉంటాయి. ఒకప్పుడు ఉలి, సుత్తి మాత్రమేనట. ఇప్పుడు కోసే మిషన్లు, అరగదీసే గ్రైండర్లు. ఆ రొదలో మాట వినబడదు. పనివాళ్లు చేతులతో, కనుబొమ్మలతో మాట్లాడుకుంటారు, పెదాలు చూసి సమాధానం చెబుతారు. పెద్దాచారి శాలలో ఇప్పుడు ఎక్కువగా చెక్కేది ఆయన కొడుకే. రాయిని ఏరేది మాత్రం పెద్దాచారి. ఆయన ఏరిన రాయి అంటే చాలు, ఎక్కడెక్కడి గుడులవాళ్లో వచ్చేవాళ్లు.

రాయిని ఎట్లా ఏరతారో మొదటిరోజే ఆయన నాకు చెప్పాడు. సుత్తితో ఐదు చోట్ల కొట్టాలి. తలవైపు రెండు, నడుమ ఒకటి, కాళ్లవైపు రెండు. "గంట మోగినట్ల మోగల్ల పాపా. యాడన్నా సచ్చుగ పలికెనంటే లోపల పగులున్నట్టు. అట్లాటి రాయిని దేవునికి ఇయ్యగూడదు." ఐదూ మోగితే రాయికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతాడు. బొట్టు పెట్టాక దాన్ని ఇక రాయి అనకూడదు, అమ్మవారనో స్వామి అనో అనాలి. బొట్టు పెట్టిన రాయిని వద్దంటే ఊరికి అరిష్టమంటారు, ఏరినవాడి చెయ్యి మంచిది కాదంటారు.

పెద్దాచారి మీద మా ఇద్దరికీ ఒకటే ఫిర్యాదు, పొగరు. వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడు. కొడుకునడిగితే, "మా నాయన అంతేక్కా. పిలిస్తే పలికే రకం గాదు" అని నవ్వాడు. ఒకరోజు నాలుగుసార్లు పిలిచి విసుగొచ్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని నా స్నేహితురాలితో అన్నాను. అన్నమాట అక్షరాలా నిజమని నాకప్పుడు తెలియదు.

రాయిని ఏరే ఘట్టం నా సినిమాకు ఆయువుపట్టు. ఆ మోత శుభ్రంగా రికార్డు కావాలి. కానీ రోడ్డు పొడవునా మిషన్లు తిరుగుతుంటే ఏం రికార్డు చేస్తాం? అన్ని శాలలవాళ్లనూ పని ఆపమనడానికి నేనెవరిని? చివరికి కరెంటు కోతే మాకు దిక్కయింది. ఒక శుక్రవారం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా కోత ఉందని లైన్‌మన్ చెప్పాడు. అదృష్టం కొద్దీ ఆ రోజే శిరివెళ్ల అవతలి పల్లెనుంచి గుడి పెద్దలు ఆరుగురు అమ్మవారి విగ్రహానికి రాయి చూసుకోవడానికి వస్తున్నారు. చిత్రీకరించుకోమని ఒప్పుకున్నారు కూడా. పదిన్నరకు రాహుకాలం, ఆలోపు బొట్టు పెట్టేయాలి అన్నది ఒక్కటే వాళ్ల షరతు. పదిన్నరకు వాళ్లకు రాహుకాలం, నాకు కరెంటు.

వాళ్ల ట్రాక్టరు వచ్చేసరికే పది దాటింది. పెద్దాచారి కొడుకు గనికి వెళ్లాడు. పనివాళ్లు కరెంటు లేదని టిఫిన్లకు పోయారు. రోడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. ఆళ్లగడ్డలో పావురాళ్ల రెక్కల చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. ఒక్క అవకాశం, ఇరవై నిమిషాలు.

పెద్దాచారి స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. నల్లరాయి రెండు మొద్దుల మీద మనిషి పడుకున్నట్టు ఉంది. ఎడమ అరచెయ్యి రాయి నడుమ ఆనించి, కుడిచేత్తో సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు రాయి ఖంగుమంది. రెండు, మూడు, నాలుగు, అన్నీ మోగాయి. ఐదోది కాళ్లవైపు ఎడమ మూల. అక్కడ టక్కుమంది, అంతే. చెక్కబల్ల మీద కొట్టినట్టు.

నేను పొరబడ్డానేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నా స్నేహితురాలి ముఖం పాలిపోయి ఉంది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. పెద్దాచారి మాత్రం తృప్తిగా రాయిని నిమిరి, పసుపు కుంకుమల పళ్లెం అందుకున్నాడు. గుడిపెద్దల్లో ముఖ్యుడు గడియారం చూసుకుంటూ, "బేగ పెట్టు పెద్దాచారీ, రాహుకాలం వస్తాంది" అన్నాడు.

"పెద్దాచారీ, ఒక్క నిమిషం!" అని అరిచాను. ఆ నిశ్శబ్దంలో నా గొంతు రోడ్డు అవతలిదాకా వినబడి ఉంటుంది. గుడిపెద్దలు ఆరుగురూ నావైపు తిరిగారు. గేటు దగ్గర పడుకున్న కుక్క తలెత్తింది. ఆయన ఒక్కడే తిరగలేదు. నాకు వీపు పెట్టి, వేలితో పసుపులో నీళ్లు కలుపుకుంటున్నాడు.

అప్పుడు అర్థమైంది. పొగరు కాదు. ఈయనకు వినబడదు. రాయిని చెవితో ఏరే మనిషి అని ఊళ్లు ఊళ్లు నమ్మి వస్తున్న మనిషికి చెవులు లేవు. మిషన్ల రొదలో ఎవరికీ ఎవరి మాటా వినబడదు కాబట్టి, ఆ సంగతి కన్నకొడుకుకు కూడా తెలియలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే ఆ రాయికి బొట్టు పడుతుంది. నెలల తరబడి చెక్కాక అమ్మవారి పాదం దగ్గర పగులు బయటపడుతుంది. ఎత్తేటప్పుడు విరిగితే మనుషులే పోతారు. నోరు తెరిచి ఉన్నమాట అంటే, ఆరుగురి ముందు ఆయన పరువు ఆ క్షణమే పోతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి, దాస్తే ఈ రాత ఎందుకు? నా కెమెరా తిరుగుతూనే ఉంది. లోపల ఒక మూల నాకు సంతోషంగా ఉంది. ఇంత గొప్ప ఘట్టం నేను రాసుకోలేను అనిపించింది.

నా స్నేహితురాలి చెవులమీది హెడ్‌ఫోన్లు లాక్కుని ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. పళ్లెం పట్టుకున్న ఆయన చెయ్యి నా చేత్తో ఆపాను. "సౌండు రాల్యా పెద్దాచారీ. ఇంగోసారి కొట్టల్ల. ఇది పెట్టుకుంటే మైకు బాగ పట్టుకుంటాది" అని పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాను. చంటిపిల్లవాడు కూడా నమ్మని అబద్ధం. గుడిపెద్ద విసుక్కున్నాడు: "ఏందమ్మా నీ సినిమా గోల! ఆడ పొద్దు పోతాంది." నేను వినిపించుకోకుండా హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించాను. నా స్నేహితురాలు శబ్దం పెంచే మీటను చివరిదాకా తిప్పింది.

మొదటి దెబ్బకు ఆయన ఉలిక్కిపడ్డాడు. సుత్తి గాల్లోనే ఆగింది. రాయి మోత తగ్గేదాకా కదలకుండా నిలబడి, తల మెల్లగా పావురాళ్ల వైపు తిప్పాడు. తన ఊపిరి తనకే వినబడుతోందని నాకు తెలుస్తోంది. రెండోది కొట్టాడు. మూడోది కొట్టేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగోదానికి చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఐదోది కొట్టాడు. నవ్వు ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. రెండంగుళాలు పక్కకు జరిపి మళ్లీ కొట్టాడు. టక్కు, టక్కు. ఎడమ అరచెయ్యి రాయిమీదనుంచి తీసి, దాన్ని తిప్పి చూసుకున్నాడు. అప్పుడు నావైపు చూశాడు. కోపం లేదు, సిగ్గు లేదు. నాకు తెలుసని ఆయనకు తెలిసింది, అంతే. ఆ చూపు నా కెమెరాలో ఉంది.

పళ్లెం కింద పెట్టి గుడిపెద్దలతో, "ఈ రాయొద్దప్పా. కాళ్లకాడ పగులుంది. ఇంగోటి తెప్పిస్తా" అన్నాడు.

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముఖ్యుడు తలగుడ్డ సర్దుకుని, "సూసినార్రా? అందుకే ఈయప్ప కాడికి రావల్లనేది. బొట్టు పెట్టే ముందు గూడ ఇంగోసారి సూసె" అన్నాడు. అంతలో కరెంటు వచ్చింది. రోడ్డు పొడవునా గ్రైండర్లు ఒక్కసారిగా మొరిగాయి.

ట్రాక్టరు వెళ్లిపోయాక ఆయన నన్ను రాయి పక్కకు పిలిచి నా చెవి దగ్గర చెప్పాడు. "మిషన్లు వచ్చినాక మెల్లమెల్లగ పొయ్యినాయి పాపా. రాయి అదురు చెయ్యి చెప్తాండె, నేను ఇంటాంటి. ఇన్నేండ్లల్ల ఒక్క రాయి తప్పు పోల్యా." తర్వాత, "ఈ పొద్దుటిది సినిమాలో ఎయ్యొద్దు. నా కొడుక్కు తెలీగూడదు. మాటియ్యి" అన్నాడు. ఆ రొదలో నేనేం చెప్పినా వినబడదు. అందుకని అరచెయ్యి రాయి మీద పెట్టి తల ఊపాను.

మాట ఇవ్వడం తేలిక. మిరపకాయల గదిలో కూర్చుని ఆ షాట్‌ను రోజూ చూస్తూ, దాన్ని పక్కన పెట్టడం తేలిక కాదు. పెద్ద నగరంలో జరిగే చిత్రోత్సవానికి సినిమాలు ఎంపిక చేసే మనిషికి, చేతులాగక, ఆ షాట్ ఉన్న ప్రతిని పంపాను. పంపకుండా ఉండాల్సింది. ఆయన ఆ రోజే ఫోన్ చేసి, ఆ ఒక్క దృశ్యం కోసమైనా తీసుకుంటాం, తొందరగా పూర్తి చేసి పంపండి అన్నాడు.

రెండు రోజులు అన్నం సహించలేదు. పెద్దాచారి ఆ నగరానికి పోయి చూస్తాడా అనుకున్నాను. ఆయన మేలుకే కదా అని కూడా అనుకున్నాను. చెడ్డపని చేయాలనిపిస్తే మనసుకు ఎంత తెలివి వస్తుందో! మూడోరోజు అంగట్లోకి దిగి మా నాయనకు సంగతంతా చెప్పాను.

"మాటిచ్చినావా?" అన్నాడు.

"ఇచ్చినా."

"మల్ల నన్నేందీ అడిగేది?" అని చింతపండు బుట్ట ముందుకు లాక్కున్నాడు.

షాట్ తీసేశాను. చిత్రోత్సవం నా సినిమాను తీసుకోలేదు. మొదట చూసిన ప్రాణం ఇందులో లేదు అని మర్యాదగా రాశారు. వారం రోజులు పెద్దాచారి మీద, మా నాయన మీద, ఎదురొచ్చిన ప్రతి మనిషి మీద కోపంగా తిరిగాను. ముసలాయన పరువు నిలబెట్టాను, నా బతుకు బజారుపాలు చేసుకున్నాను అని నన్ను నేనే పొగుడుకుంటూ ఏడ్చాను. గొప్ప త్యాగం చేశానని నా నమ్మకం.

నాలుగు నెలల తర్వాత నంద్యాలలో ఒక పాత థియేటరువాళ్లు ఆదివారం పొద్దుటి ఆట మాకిచ్చారు. పెద్దాచారిని కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. తెల్లపంచె, భుజం మీద కొత్త తువ్వాలు. ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. నేను తెర చూడలేదు, ఆయన వెనకతలే చూస్తూ కూర్చున్నాను. రాయిని ఏరే ఘట్టం దగ్గర పడుతుంటే ఆయన కుర్చీ అంచుకు జరిగాడు, కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు. తెర మీద ఆయన నాలుగు దెబ్బలు కొట్టాడు. తర్వాత, ఇంకోరోజు తీసిన వేరే రాయి, దాని మీద బొట్టు. ఆయన వెనక్కు తిరిగి ఆ చీకట్లో నాకోసం వెతికాడు.

ఆట అయిపోయాక జనం చప్పట్లు కొట్టారు. కొడుకు ఎవరో పిలిస్తే పక్కకు వెళ్లాడు. పెద్దాచారి మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు.

"యాడ పాపా ఆ పొద్దుటిది?"

"మీరే గదా ఎయ్యొద్దంటిరి!"

"ఆ పొద్దు అంటి." నా పెదాలమీదనుంచి చూపు తిప్పుకున్నాడు. "నువ్వు అది చెవులకు పెట్టినాక నా చెయ్యిని నేను నమ్మల్యాకుంటి. ఆ గుడోల్లకు కాక, మల్ల రెండు రాళ్లకు బొట్టు పెట్టినా. బొట్టు పెట్టేటప్పుడు వేలు వణికె. అవి యాడ పగుల్తాయోనని నిద్ర ల్యా. వానికి చెప్పల్లంటే నోరు రాల్యా. నీ సినిమా చెప్తాదిలే, అదొక్కటన్నా చెప్తాదిలే అని పిల్సుకొచ్చినా."

నాకు ముందు కోపం వచ్చింది. ఈయన కోసమే కదా నేను అంత పోగొట్టుకున్నది అని అరవాలనిపించింది. ఆ కోపం రెండు మెట్లు దిగేలోపే చచ్చిపోయింది. ఆయన ఏళ్ల తరబడి అరచేతితో విన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టి ఆ అరచేతిని కూడా చెవిటిది చేసింది నేను. షాట్ తీసేశాక ఈ నాలుగు నెలలూ, ఎలా ఉన్నారు పెద్దాచారీ అని ఒక్కసారైనా ఆళ్లగడ్డ బస్సెక్కలేదు. త్యాగం చేశాననుకుంటూ మేడ మీద కూర్చున్నాను.

కొడుకును టికెట్ల గదిలోకి పిలిచాను. అక్కడి బల్ల మీద నా లాప్‌టాప్ తెరిచి, అవే హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టాను. ఏడు నిమిషాల షాట్. మొదట నవ్వుతూ చూశాడు. నేను వెనకనుంచి అరిచినా నాయన తిరగని చోట అతని నవ్వు పోయింది. ఐదో దెబ్బ దగ్గర కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఎన్నిసార్లు తిట్టుకుంటినో అక్కా, పలకడని" అన్నాడు. నేను నా శంఖం సామెత గుర్తొచ్చి తలొంచుకున్నాను. తలొంచుకునే, బొట్టు పడ్డ ఆ రెండు రాళ్ల సంగతి కూడా చెప్పాను.

పెద్దాచారి వరండాలో మాకు వీపు పెట్టి, రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. కొడుకు గుమ్మంలోంచి అలవాటు కొద్దీ, "నాయనా" అని పిలిచాడు. పిలిచాక గుర్తొచ్చి ఆగాడు. నడిచి చుట్టూ తిరిగి ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు. నోరు బాగా తెరిచి, మాట మాట విడగొట్టి, "నాయనా, ఇంగ రాళ్లు ఇద్దురం కలిసి కొడదాం. నువ్వు చెయ్యి పెట్టు, నేను ఇంటా. ఆ రెండు రాళ్లు గూడ రేపే పోయి సూద్దాం" అన్నాడు.

పెద్దాచారి కొడుకు పెదాలు చూస్తూ అంతా విన్నాడు. "సరే, పోదాం పా అప్పా" అని బండి వైపు నడిచాడు.

బండి మలుపు తిరిగేదాకా నేను మెట్ల మీదే ఉన్నాను. పదకొండు గంటల ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. కెమెరా నా భుజానికే వేలాడుతోంది. దాంతో ఆ తండ్రీకొడుకులను తీసి ఉండొచ్చన్న ఆలోచన ఇంటికి వచ్చి అన్నం తిన్నాక గానీ నాకు రాలేదు.